ముందేది, వెనుకేది

"డీ బై డీటీ ఆఫ్ డో ఎల్ బై డో క్యూ డాట్, మైనస్ డో ఎల్ బై డో క్యూ, ఈక్వల్టు సున్న."

ముందు ఆ గొంతు వినబడేది. దాని వెంట మరి రెండు గొంతులు, అరక్షణం ఆలస్యంగా, అదే వాక్యాన్ని అదే ఊపులో అందుకునేవి. గోడకు అవతల వంట చేసుకుంటున్న ఇంటి యజమానురాలు పార్వతమ్మ అది ఏదో స్తోత్రమనుకొని మొదట్లో చేతులు జోడించేది. సంగతి తెలిసిన తరువాత చాలాసేపు నవ్వింది.

"లెక్కలకు గూడ గింత భక్తి ఉంటదని నాకు తెల్వదు బిడ్డా. పాసైతే కొబ్బరికాయ మీ దేవునికి కొట్టాల్నా, ఆ డో అనేటాయనకు కొట్టాల్నా?"

వనపర్తిలో ఆ ఏళ్ళలో పొద్దుగూకితే కరెంటు పోయేది. ఎప్పుడు పోతుందో అందరికీ తెలుసు. ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఒక కొవ్వొత్తి ముందు ముగ్గురు తలలు వంచి కూర్చుంటే ఒకసారి కావ్య జడ అంటుకుంది. ఆ తరువాత కొవ్వొత్తి మానేశారు. చీకటిలో, చాపమీద, కళ్ళు మూసుకొని, నోటితో చదవడం మొదలుపెట్టారు. తల వంచుకున్న డీ అక్షరాన్ని కళాశాలలో అందరూ డో అనేవారు. ఆ డో పలికినప్పుడల్లా గదిలో ఎవరో చిన్నగా మద్దెల తట్టినట్టుండేది.

ముగ్గురూ ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్నారు. కావ్యది నాగర్‌కర్నూల్, నోరు ఆగని పిల్ల. మిగిలిన ఇద్దరిదీ ధరూర్ పక్కన ఒకే ఊరు. వారిలో నవనీత అక్కడ విత్తనాల కంపెనీ కోసం సీడు పత్తి పండించే వెంకట్రాములు కూతురు. మూడవది శైలజ. ఆమె తల్లి బుజ్జమ్మ ఆ వెంకట్రాములు చేనులోనే కూలి. తండ్రి ఇమ్మానుయేల్ బొంబాయిలో ఎవరి మేడలకో సిమెంటు మోస్తూ ఏడాదికొకసారి ఇంటికి వచ్చేవాడు.

ముందు వినబడే గొంతు శైలజది. చదువు రాని ఆడవాళ్ళ కోసం చర్చిలో చిన్నప్పటినుంచి వాక్యం చదివిన గొంతు అది. ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ ఆపాలో, ఏ మాట మీద బరువు వేస్తే వినేవాళ్ళకు గుర్తుంటుందో దానికి తెలుసు. డిగ్రీ దాకా తెలుగులో చదివి వచ్చిన వాళ్ళకు ఇంగ్లిషు పుస్తకం గోడలా నిలబడితే, శైలజ ఆ గోడకు ఊపిరితో మెట్లు కట్టింది. అర్థం కానిది ముందు నోటికి రావాలని, నోటికి వచ్చినది ఏదో ఒకనాడు అర్థమవుతుందని ఆ గదిలో నమ్మకం.

క్లాసికల్ మెకానిక్స్ ఆ నమ్మకాన్ని నిలబెట్టింది. లోలకం ఊగింది, గ్రహం తిరిగింది, కప్పీ మీది తాడు జారింది. అన్నీ శైలజ గొంతు వెంట నడిచాయి. ఊపు కుదరని చోట ఆమె అక్షరాలను ముందుకు వెనుకకు జరిపేది. ద్రవ్యరాశి ముందు, త్వరణం వెనుక అనవలసిన చోట త్వరణాన్ని ముందు అనేది. ఏమీ కాలేదు. బలం అదే బలం, జవాబు అదే జవాబు. ముగ్గురూ ఆ పేపరు పాసయ్యారు.

తరువాత క్వాంటం మెకానిక్స్ వచ్చింది. కణం ఉన్న చోటు ఎక్స్, దాని ద్రవ్యవేగం పీ. ఎక్స్ పీ మైనస్ పీ ఎక్స్ అంటే నాలుక తడబడింది. పీ ముందుంటే పెదవులు మూసుకొని తెరుచుకున్నప్పుడు ఒక దెబ్బ పడుతుంది, వాక్యం నిలబడుతుంది. కనుక చీకట్లో ఆ సూత్రం ఇలా తయారైంది:

"పీ ఎక్స్ మైనస్ ఎక్స్ పీ, ఈక్వల్టు ఐ హెచ్ క్రాస్."

ఎంత అందంగా వచ్చిందంటే కావ్య దాన్ని బట్టలు ఉతుకుతూ పాడుకునేది.

ఫలితాలు వానాకాలం నడుమ వచ్చాయి. కావ్య ఆ ప్రశ్న జోలికే పోలేదు; పాసైంది. నవనీతకు పగటి వెలుతురులో పుస్తకం చూసి రాసుకునే అలవాటు, ఆమె పాసైంది. శైలజ ఆ సూత్రం మీద రెండు పెద్ద ప్రశ్నలు కట్టుకొని, రెండింటితో సహా మునిగిపోయింది.

*

ఖిల్లా ఘణపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే రామచంద్రయ్య సారుది కాంట్రాక్టు ఉద్యోగం. రెండవ అధ్యాపకుడి కుర్చీ ఖాళీగా ఉండడంతో రెండు మెకానిక్సులూ ఆయన గొంతు మీదనే నడిచేవి. మధ్యాహ్నం దాటేసరికి ఆ గొంతు బొంగురుపోయేది. శైలజ వెళ్ళేసరికి ఆయన గదిలో ఒక్కడే, కాళ్ళు ముందుకు చాపి, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఏం రాసినవో చెప్పు" అన్నాడు.

"మొత్తమా సార్?"

"మొత్తం. నా బస్సుకు ఇంక టైమున్నది."

ఆమె నిలబడి, చేతులు వెనుకకు కట్టుకొని, అప్పగించింది. స్ప్రింగుకు కట్టిన కణంలాగా అటూ ఇటూ ఊగే హార్మోనిక్ ఆసిలేటరు, దాని శక్తి. సారు కళ్ళు మూసుకున్నాడు. బల్లమీద వేలు మెల్లగా తాళం వేసింది. ఒకచోట ఆ వేలు ఆగిపోయింది.

"ఆగు. ఏమన్నవ్?"

"పీ ఎక్స్ మైనస్ ఎక్స్ పీ సార్."

"నేను గట్ల చెప్పిన్నా?"

శైలజ నేల చూసింది. "చీకట్ల గట్లంటే మంచిగొస్తది సార్. నోటికి."

"నోటికి మంచిగొస్తదని తలకాయ కింద, కాళ్ళు మీద పెట్టినవా తల్లీ?"

"క్లాసికల్‌ల గూడ అటిటు మార్చిన సార్. ఏం గాలే."

"ఆడ ఏం కాదు. ఆడున్నయన్నీ వట్టి సంఖ్యలు. ముందు పెట్టు, వెనుక పెట్టు, సంఖ్యకు రోషం లేదు." ఆయన కళ్ళద్దాలు తీసి ముక్కుమీది గుర్తులను రుద్దుకున్నాడు. "ఈడ ఎక్స్ అంటే సంఖ్య కాదు. ఒక పని. పీ అంటే ఇంకొక పని. ఏ పని ముందు చేసినవ్, ఏ పని వెనుక చేసినవ్ అన్నదే ఇక్కడ లెక్క. నువ్వు తిప్పి చేసినవ్. ప్లస్సు రావల్సిన కాడ మైనస్సొచ్చింది. చివరికి కనిష్ఠ శక్తి ఎంత తేలింది?"

"మైనస్ సగం, హెచ్ క్రాస్ ఒమేగా."

"ఆ శక్తి రెండు వర్గాల మొత్తం గదా, సున్నకంటె తక్కువెట్లొస్తది? రాసేటప్పుడు అనుమానం రాలేదా?"

"వచ్చింది సార్. కాని అప్పటికే ఊపు కుదిరె."

సారు నవ్వబోయాడు. నవ్వు దగ్గుగా మారింది. మంచినీళ్ళు తాగి, చాలా నెమ్మదిగా అన్నాడు:

"ప్లస్ సగం. గుర్తుపెట్టుకో. ఎంత కిందికి దింపు, ఎంత చల్లబరచు, ఆ సగం పోదు. అది పూర్తిగా ఆగి కూర్చోలేదు. దానికి ఆ భాగ్యం లేదు." కిటికీ బయట బస్సు హారన్ వినబడింది. సంచి భుజానికి వేసుకుంటూ, "అచ్చం నా లెక్కనే" అని గొణుక్కున్నాడు. గుమ్మం దాటబోతూ వెనుదిరిగాడు. "సప్లిమెంటరీ ఒక్కసారే పెడ్తరు. అది గూడ తప్పితే డిగ్రీ చేతికి రాదు. చూసుకో మరి."

*

పుస్తకాలు సంచిలో వేసుకొని, చదువుకోవడానికి ఇంటికి వెళుతున్నానని శైలజ అనుకుంది. గద్వాల దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. వాన వెలిసిన నల్లరేగడి వాసన. ఇంటిముందు బుజ్జమ్మ కుడిచేతిని గుండెకు ఆనించుకొని కూర్చుంది. బొటనవేలు పసుపు గుడ్డలో లావుగా ఉబ్బి ఉంది.

"గోరుచుట్టు బిడ్డా. దవాఖానల సూది వేసిన్రు. మొగ్గ గిల్లనీకి వస్తలేదు."

సీడు పత్తి చేనులో ఆ బొటనగోరే పనిముట్టు. సాయంత్రం పూట, మరునాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకొని, పైపొర తీసి, లోపలి పుప్పొడి కాడలను గోటితో గిల్లివేయాలి. గుర్తుకు ఎర్ర కాగితం చుట్టాలి. మరునాడు ఉదయం, ఎండ ముదరకముందే, పక్క మడి నుంచి మగ పువ్వు తెచ్చి ఆ మొగ్గ నడిమి కాడకు రుద్దాలి. దాన్ని అందరూ క్రాసింగు అంటారు. ఒక్కొక్కరికి కొన్ని సాళ్ళు అప్పగిస్తారు. సీజను అయిపోయేదాకా ఆ సాళ్ళు వాళ్ళవే. బుజ్జమ్మ సాలు దారి అంచున ఉన్నది. అది ఖాళీగా ఉంటే చేనంతటికీ కనబడుతుంది.

కాబట్టి మరునాటి నుంచి తల్లి సాలులో కూతురు నిలబడింది. సాయంత్రం గిల్లడం, ఉదయం రుద్దడం. నడుమ చెట్టునీడలో పుస్తకం. కళ్ళు అక్షరాల మీద ఉండేవి, వేళ్ళు పసుపురంగులో ఉండేవి, మెడ మాత్రం ఎవరిదో తెచ్చి పెట్టినట్టు బరువుగా ఉండేది. ఒక పుట చదివేసరికి నిద్ర, నిద్ర పట్టేసరికి కూలీల మేస్త్రి కేక.

ఒకనాడు సాయంత్రం మొగ్గలు గిల్లుతుండగా ఆమె చేయి ఆగింది. గిల్లడం ఒక పని. రుద్దడం ఒక పని. ముందు గిల్లి తరువాత రుద్దితే కంపెనీ కోరిన విత్తనం. ముందు రుద్ది తరువాత గిల్లితే? అప్పటికే తన పుప్పొడి తనమీద పడి, కాయ అవుతుంది. కాని ఎందుకూ పనికిరాని కాయ. పనులు అవే, చేతులు అవే, పువ్వు అదే. వరుస మారితే పంట మారింది. ఎక్స్ పీ వేరు, పీ ఎక్స్ వేరు. ఇంత తెలిసిన చేతులు పరీక్షలో ఎందుకు తడబడ్డాయో ఆమెకు అర్థం కాలేదు. సంతోషించడానికి కూడా ఓపిక లేక, తరువాతి మొగ్గను పట్టుకుంది.

మరునాడు మధ్యాహ్నం బుజ్జమ్మ గట్టుమీద కునుకు తీస్తున్నది. పసుపు గుడ్డ కట్టిన చేయి ఒడిలో పడి ఉంది. రెండవ చేతి బొటనవేలు, చూపుడువేలు మాత్రం నిద్రలోనే ఒకదానినొకటి మెల్లగా రాసుకుంటున్నాయి. లేని మొగ్గను గిల్లుతున్నాయి. శైలజ అటు చూసింది. సారు చెప్పిన ఆ సగం ఆమెకు అప్పుడు కనబడింది.

*

పరీక్ష తేదీని తెచ్చినది నవనీత. వెంకట్రాములు ఇంటికి ఫోను ఉంది. కావ్య ఆ ఫోనుకు చేసి చెప్పింది. నవనీత చెప్పులు చేతపట్టుకొని, బురదలో జారుతూ సాలు దాకా వచ్చింది.

"శనివారమంట. పొద్దుగాల పది గంటలకు. హాల్ టికెట్ కావ్య తీసుకున్నది. పార్వతమ్మ కొబ్బరికాయ గూడ తెచ్చిపెట్టిందంట."

"ఊఁ" అన్నది శైలజ.

"ఊఁ ఏంది? పొద్దుగాలనంటే పువ్వు రుద్దే టైము గదా! అమ్మ చేయి ఎట్లున్నది?"

"గట్లనే."

ఇంకేదో చెప్పాలని శైలజ తలెత్తింది. కాని నవనీత అప్పటికి పక్కకు తిరిగి ఎర్ర కాగితాలను చూస్తున్నది. పిలవాలి. పిలవడానికి ఆమె దగ్గర మాట లేదు.

పటేలు ఇంటి ఆడపిల్ల నవనీతను, ఆమె ఉయ్యాలలో ఉన్ననాటినుంచి, బుజ్జమ్మ అమ్మా అనే పిలిచింది. ఒకే ఈడు పిల్లను అమ్మా అనడానికి శైలజకు నోరు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తల్లి వీపు మీద చరిచింది. వనపర్తి గదిలో ఒకే చాపమీద పడుకున్నారు, ఒకే గిన్నెలో కలుపుకొని తిన్నారు. అయినా శైలజ ఆమెను ఏమనీ పిలవలేదు. ఎదుటికి వచ్చి నిలబడేది. ఆమె చూసేదాకా ఆగేది. లేకుంటే "ఇగో" అని మొదలుపెట్టేది. "ఎవరితోని మాట్లాడుతున్నవే? గోడతోనా?" అని కావ్య ఎన్నిసార్లు ఎగతాళి చేసిందో! కావ్యను మాత్రం ఆమె పొద్దంతా పేరుతోనే కేకేసేది.

"ఇగో" అన్నది శైలజ.

నవనీత ఇటు తిరిగింది.

"ఏం లేదు. మీ నాయినను అడుగుత. సాయంత్రం వస్త."

*

వెంకట్రాములు అరుగుమీద కూర్చొని కాళ్ళ బురద కడుక్కుంటున్నాడు. వెంట వచ్చిన బుజ్జమ్మ మెట్లకింద నిలబడింది. శైలజ ఒక మెట్టు ఎక్కి ఆగింది.

"శనివారం ఒక్క పూట సెలవు పటేలా. పరీక్షున్నది. అమ్మ చేయి ఇంక కుదురలే."

"శనివారం పరీక్షని నువ్వు చెప్పినవ్. మరి పువ్వుకు ఎవరు చెప్తరు?" ఆయన గొంతులో కోపం లేదు, రోజంతా నడిచిన మనిషి గొంతు అది. "కంపెనీ మనిషి సాలు సాలు తిరిగి చూస్తుండు. గిల్లకుండ తప్పిపోయిన పువ్వు ఒక్కటి కాయైనా విత్తనం కలిసిందని చేను చేనంత వద్దంటడు. నేనే పరేషాన్‌ల ఉన్న. పోతే పో పిల్లా. కాని ఆ సాలు వేరేవాళ్ళకిస్త. ఈ సీజన్‌ల మళ్ళ అడగొద్దు."

బుజ్జమ్మ గబగబా అన్నది: "వద్దు పటేలా, పోదులే. సాలు ఇడువదు. బిడ్డా, చెప్పు, పోనని చెప్పు."

శైలజ చెప్పలేదు. పోతానని కూడా చెప్పలేదు.

లోపలినుంచి నవనీత వచ్చి గడపమీద నిలబడింది. "నేను నిలవడుత నాయినా ఆ సాలుల."

"నువ్వా?" వెనుకనుంచి తల్లి హన్మమ్మ నవ్వింది. "నిరుడు నువ్వు గిల్లిన మొగ్గలు గిల్లినట్టే రాలిపాయె. చెట్టే నీకు దండం పెట్టింది."

"గిల్లుడు కాదమ్మా. ముందురోజు గిల్లుడు తనే చేసి పోతది. పొద్దుగాల రుద్దుడే గదా."

వెంకట్రాములు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "పీజీ చదివిన పటేల్ బిడ్డ కూలి సాలుల నిలవడ్డదని ఊరు నవ్వుతది."

"మన చేనుల మనం నిలవడితే కూలెట్లయితది?"

"చూసినవా? దీనికి చదువు చెప్పించి నా గొంతుకు నేనే ఉరి పెట్టుకున్న" అని ఆయన భార్యవైపు తిరిగాడు. చెంబు పక్కన పెట్టాడు. "సరే. కాని ఒక్క తప్పిన పువ్వు మిగిలినా ఆ సాలు పోయినట్టే. అది మీ ఇద్దరి మీద కాదు, బుజ్జమ్మ మీద. తెలిసిందా?"

మెట్లు దిగినాక నవనీత వాకిలి దాకా వచ్చింది. శైలజ ఏదో అనబోయింది.

"ఏమనకు" అన్నది నవనీత. "క్లాసికల్ నీ నోటితోని పాసైన. నాకు ఆ పుస్తకం తెరిస్తే నిద్రొస్తది. గంతే."

"ముందుగాల తప్పిన పువ్వులు తెంపాలె. తరువాతనే రుద్దాలె."

"నాకు తెల్వదా? పుట్టినకాడికెళ్ళి చూస్తున్న."

*

శుక్రవారం సాయంత్రం శైలజ పొద్దు మునిగి, మొగ్గలు కనబడక వేళ్ళతో తడుముకునేదాకా గిల్లింది. పొరపాటున ఒకటో అరో తప్పి ఉంటాయి. ఎంత మంచి చేతికైనా తప్పుతాయి. తెల్లవారితే అవి తమంతట తాము విచ్చుకుంటాయి. అవి విచ్చుకున్న చోట పక్కన ఎర్ర కాగితం పువ్వు ఉంటే, తేనెటీగ ఆ పుప్పొడిని దీనిమీద వేస్తుంది. అందుకే ఉదయం మొదటి పని వాటిని తెంపి పారేయడం.

తెల్లవారి ఆమె తలస్నానం చేసి, వెంకట్రాములు వాకిలికి వెళ్ళింది. లోపల ఇంకా అలికిడి లేదు. పిలవాలి. ఆమె గేటు గొలుసును పట్టుకొని ఊపింది. మళ్ళీ ఊపింది. హన్మమ్మ లేచి వచ్చి, "గొలుసు తెంపుతవా ఏంది, నోరు లేదా?" అన్నది. వెనుక నవనీత కళ్ళు నులుముకుంటూ, జడ వేసుకోకుండా, తండ్రి పాత చొక్కా పైన తొడుక్కొని వచ్చింది.

ఇద్దరూ చేను దాకా నడిచారు. మంచు ఆకులమీద ఉంది. కూలివాళ్ళు అప్పటికే సాళ్ళలో దిగారు. తలగుడ్డలు మాత్రమే పైకి కనబడుతున్నాయి. బుజ్జమ్మ గట్టుమీద, పసుపు గుడ్డ చేయి పైకెత్తి పట్టుకొని కూర్చుంది. వెంకట్రాములు చేను చివర కంపెనీ మనిషితో మాట్లాడుతున్నాడు. నవనీత మగ మడి వైపు వెళ్ళింది. శైలజ దారిమీదికి ఎక్కింది.

గద్వాల ఆటో వచ్చింది. ఆ ఆటో తప్పితే వనపర్తి బస్సు అందదు. నడిపే కిష్టయ్య కాలితో ఇంజను గుర్రుమనిపిస్తూ, "ఎక్కు చదువులమ్మా, ఎక్కు. పరీక్షంటివి, నిలవడి చేను చూస్తున్నవ్" అన్నాడు. ముందుసీటు అంచున, సగం బయటికి, ఆమెకు చోటు దొరికింది. సంచి ఒడిలో పెట్టుకుంది. పెదవులు తమంతట తాము కదిలాయి: ఎక్స్ పీ మైనస్ పీ ఎక్స్, ఎక్స్ పీ మైనస్ పీ ఎక్స్. ఊపు లేదు. కుదరదు. కుదరకపోయినా అదే సరి. ఎండిన రొట్టెను నమిలినట్టు దాన్ని నమిలింది.

ఆటో చేను పక్కగా కదిలింది.

దారి అంచు సాలులోకి నవనీత దిగుతున్నది. చొక్కా అంచును ఒడిలాగా పట్టి, నిండా మగ పువ్వులు తెచ్చింది. ముఖంలో ఇంకా నిద్ర ఉంది. దిగుతూనే ఒక మగ పువ్వును తీసి, రేకులు వెనుకకు విరిచి, మొదటి ఎర్ర కాగితం మీదికి వంగింది. ఆ కాగితం పక్కనే, మూరెడు దూరంలో, కాగితం లేని పువ్వు ఒకటి లేత పసుపు రంగులో బాహాటంగా విచ్చుకొని ఉంది. దాని వెనుక ఇంకొకటి. నవనీత వాటిని చూడలేదు. తెంపలేదు. ముందు పని వదిలి వెనుక పనికి వంగింది.

దిగితే పరీక్ష పోతుంది; దిగకుంటే అమ్మ సాలు పోతుంది. ఆటో ఆగలేదు. సాలు జరుగుతున్నది, పువ్వు జరుగుతున్నది, చేను చివర వెంకట్రాములు, కంపెనీ మనిషి ఇటువైపే నడక మొదలుపెట్టారు.

ఆమె ఆటో కడ్డీని పట్టుకొని బయటికి వంగింది.

"ఇగో!"

ఇంజను చప్పుడులో ఆ మాట చేనుమీద చెల్లాచెదురుగా పడింది. సాలు సాలులో తలగుడ్డలు లేచాయి. అక్కడొకరు, ఇక్కడొకరు, ఎవరికి వారే తమనే అనుకొని చూశారు. గట్టుమీద బుజ్జమ్మ చూసింది. వెంకట్రాములు ఆగి చూశాడు. వంగినది మాత్రం వంగే ఉంది. మగ పువ్వు కాడమీదికి దిగుతున్నది.

అన్ని తలల నడుమ ఒక్క తల లేవాలి. శైలజకు ఊపిరి ఎక్కడ తీయాలో తెలుసు. నిండా తీసింది. తల్లి వింటుండగా, పటేలు వింటుండగా, చేనంతా వింటుండగా, వాక్యం చదివే గొంతుతో కేక వేసింది:

"నవనీతా!"